కన్ను కెమెరాలో ఉంటే కాలు కదలొద్దు

చాన్నాళ్ళ కిందటి మాట. జగిత్యాల జిల్లా పెగడపల్లి మండలంలోని ఒక ఊళ్ళో పెళ్ళి. బరాత్ బయలుదేరింది. డప్పులు మోగుతున్నాయి, పెళ్ళికొడుకు ముందు పిల్లలు ఎగురుతున్నారు. కొత్తగా కొన్న కెమెరా కంటికి ఆనించుకుని, వాళ్ళు ముందుకు వస్తుంటే నేను వెనక్కి వెనక్కి నడుస్తున్నాను. ఉన్నట్టుండి ఎవరో నా అంగీ పట్టుకుని పక్కకు గుంజారు. చూస్తే డప్పు కొట్టే పెద్దాయన. "బావి ఉన్నది బిడ్డా" అన్నాడు. నా వెనుక రెండడుగుల దూరంలో గోడ లేని పాత మోటబావి. గడ్డి పెరిగి అంచు కూడా తెలియడం లేదు.

ఆ రాత్రి తీసిన ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. పెళ్ళికొడుకు ముఖం కదిలిపోయి మసకగా పడింది. నడుస్తూ తీస్తే ఫొటో కదులుతుందని, చూడకుండా నడిస్తే ప్రాణం పోతుందని నాకు ఒకే రాత్రి తెలిసింది. అప్పటి నుంచి కెమెరా పట్టుకున్న ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ ముందుగా చెప్పే మాట ఒకటే. కన్ను కెమెరాలో ఉంటే కాలు కదలొద్దు. కాలు కదపాలంటే కెమెరా దించాలి. అపర్చరు, షట్టరు, ఐఎస్ఓ ఆ తర్వాత నేర్చుకోవచ్చు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒక కన్ను మూసి ఇంకో కంటితో చిన్న కిటికీలోంచి చూస్తున్నప్పుడు పక్క చూపు ఉండదు, లోతు సరిగా అందదు. ఫోన్ తెర చూస్తూ నడిచినా అంతే. వైడ్ లెన్స్‌తో ఇంకో చిక్కుంది. అందులో దగ్గరి వస్తువు కూడా దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పది అడుగుల్లో ఉన్న ఎద్దు తెర మీద పాతిక అడుగుల్లో ఉన్నట్టు ఉంటుంది. ఎద్దుకు ఆ లెక్క తెలియదు.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో కెమెరా ఎత్తుకుని పరుగెత్తే వీలే లేదు. బరువైన పెట్టె, గాజు పలకలు, మూడు కాళ్ళ స్టాండు. ముందు చోటు చూసుకోవాలి, వెలుగు ఎటు నుంచి పడుతుందో చూసుకోవాలి, స్టాండు పాతుకోవాలి, ఆ తర్వాతే బొమ్మ. ఇప్పుడు కెమెరా అరచేతిలో ఇమిడిపోయింది. ఆ వరుసను మాత్రం మనం వదులుకోనక్కర్లేదు. చోటు ఎంచుకుని నిలబడి, మనిషో పశువో ఎండో ఆ చోటుకు వచ్చేదాకా ఆగడం నేర్చుకుంటే కొత్తవాళ్ళ ఫొటోలు నెల రోజుల్లోనే మారిపోతాయి. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

నీళ్ళ దగ్గర

మన దగ్గర వానాకాలం ఫొటో అంటే మత్తడే. చెరువు నిండి మత్తడి దుంకుతోందని తెలిస్తే చాలు, ఊరంతా ఫోన్లు పట్టుకుని కట్ట మీదికి వస్తుంది. ఆ ఆనందం నాకూ తెలుసు. ఎండిన చెరువును ఏళ్ళ తరబడి చూసినవాళ్ళకు మత్తడి దుంకడం పండగే. అయినా మత్తడి రాళ్ళ మీద కాలు పెట్టొద్దు. ఏడాదంతా పట్టిన పాకురు వాటి మీద ఉంటుంది. చీలమండ దాటి వేగంగా పారే నీరు పెద్దవాణ్ణి కూడా పడదోస్తుంది. కట్ట మీద ఒక పక్కన, గట్టి నేల మీద నిలబడి, షట్టర్ వేగం సెకనులో నాలుగో వంతుకు తగ్గించి, స్టాండు మీద పెట్టి తీయండి. నీళ్ళు పాలధారలా పడతాయి. నీళ్ళలో నిలబడి తీసినవాళ్ళకు ఆ బొమ్మ రాదు.

కాకతీయ కాలువ, వరద కాలువ రెండూ జగిత్యాల జిల్లా మీదుగానే పోతాయి. సిమెంటు లైనింగు వేసిన కాలువ చూడ్డానికి అందంగా ఉంటుంది, సాయంత్రం పూట ఆకాశమంతా అందులో పడుతుంది. ఆ సిమెంటు వాలే ప్రమాదం. తడిసిన వాలు మీద జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు, ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. కాలువ ఫొటో వంతెన మీద నుంచి తీయండి, రెయిలింగుకు ఇవతల నిలబడి. వాలు మీద కూర్చుని కాళ్ళు వేలాడదీసి దిగే సెల్ఫీలు మానండి.

కాలువైనా నదైనా నీళ్ళు లేవు కదా అనే ధైర్యం వద్దు. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో జరిగింది మన తెలుగు ఇళ్ళు మరిచిపోకూడదు. విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు నది రాళ్ళ మీదికి దిగి ఫొటోలు దిగుతుండగా, ఎగువన ఉన్న లార్జీ డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. చూస్తుండగానే నీటిమట్టం పెరిగింది. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూర్ మనిషి కొట్టుకుపోయారు. డ్యాం దిగువన పొడిగా కనిపించే రాయి ఏ నిమిషానికైనా నది అయిపోతుంది. మధ్య మానేరు దిగువనైనా, ఎల్లంపల్లి దిగువనైనా, ధర్మపురి దగ్గర గోదారి ఇసుకలోనైనా ఇదే లెక్క. నీటి మధ్యలోకి వెళ్ళి తీసే ఫొటో ఏదీ ఒడ్డు మీద నుంచి తీయలేనిది కాదు. కావాలంటే జూమ్ చేసుకోండి.

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా సెల్ఫీ తీసుకుంటూ చనిపోయిన వాళ్ళ గురించి ప్రపంచమంతటా వచ్చిన వార్తలను పోగు చేశారు. 137 ఘటనలు, 259 మరణాలు. అన్ని దేశాలకంటే ఎక్కువ మన దేశంలో. కారణాల్లో మొదటిది నీళ్ళలో మునగడం, తర్వాత రైళ్ళు, వాహనాలు, ఆపైన ఎత్తు నుంచి పడిపోవడం. మన ఊళ్ళ చుట్టూ ఈ మూడూ ఉన్నాయి.

బతుకమ్మ ఫొటోలు కూడా నీళ్ళ దగ్గరే ముగుస్తాయి. సద్దుల రోజు చీకటి పడ్డాక చెరువు మెట్ల దగ్గర వందల మంది ఆడవాళ్ళు, పిల్లలు. మెట్లు తడి, పూలు, ఆకులు కాళ్ళ కింద. పొద్దుండగానే వెళ్ళి ఎన్ని మెట్లున్నాయి, ఎక్కడ విరిగాయి చూసి రండి. నిమజ్జనం చేసే అక్కచెల్లెళ్ళను "అటు తిరుగు, ఇంకో మెట్టు దిగు" అని అడగొద్దు. వాళ్ళ కళ్ళలోకి ఫ్లాష్ కొట్టొద్దు. ఒక్క క్షణం కళ్ళు చీకట్లు కమ్మితే చాలు, తడి మెట్టు మీద పడిపోతారు. ఐఎస్ఓ 3200 పెట్టండి, లెన్స్ తెరవండి, చుట్టూ ఉన్న దీపాల వెలుగుతో తీయండి. గింజలు గింజలుగా పడినా ఆ ఫొటోలో పండగ ఉంటుంది.

పొలాల్లో, తెల్లవారుజామున

ఫొటోకు మంచి వెలుగు పొద్దు పొడిచినాక ఒక గంట, పొద్దు గుంకే ముందు ఒక గంట. ఈ మాట ఎవరైనా చెబుతారు. ఆ వెలుగు కోసం చీకట్లోనే పొలం దారి పట్టాలి కదా, అక్కడ ఏముంటుందో చెప్పేవాళ్ళు తక్కువ.

అడవిపందుల నుంచి మక్క చేను కాపాడుకోవడానికి కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడతారు. ఇది నేరం, అయినా జరుగుతోంది. ఆ తీగ మోకాలి కిందే ఉంటుంది, చీకట్లో కనిపించదు. పక్క రైతులే దానికి తగిలి చనిపోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. కాబట్టి తెలియని చేలోకి తెల్లవారకముందు అడుగు పెట్టొద్దు. ముందురోజు పగలు వెళ్ళి ఆ రైతును కలవండి. "కాకా, రేపు పొద్దున మీ చేను కాడికి ఫొటోకు వస్త, తీగ ఏమన్న పెట్టినవా?" అని నోరు తెరిచి అడగండి. అడిగితే ఏమనుకుంటాడో అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఆయన గట్టు మీద తోడు నిలబడితే ఇంకా మంచిది. ఏ గట్టు కుంగింది, ఏ బావికి గోడ లేదు, పాము పుట్ట ఎక్కడ, అన్నీ ఆయనకే తెలుసు.

కాళ్ళకు బూట్లు, చేతిలో టార్చి ఉండాలి. ఫోన్ టార్చి చాలదు, అది ఫొటో తీసే చేతిలోనే ఉంటుంది. మోటారు స్టార్టరు డబ్బా మీద, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద కెమెరా సంచీ పెట్టకండి. తీగల కింద లోహపు సెల్ఫీ కర్ర ఎత్తకండి. తెగిపడిన తీగ కనిపిస్తే దూరంగా నిలబడి 1912కు ఫోన్ చేయండి, దాని ఫొటో కోసం దగ్గరికి పోకండి.

మబ్బు పట్టి ఉరిమితే కెమెరా సర్దేయండి. మెరుపు ఫొటో మీద కొత్తవాళ్ళకు మోజు ఉంటుంది, తప్పు లేదు. ఇంట్లో ఉండి కిటికీలోంచి తీయండి. ఖాళీ పొలంలో మూడు కాళ్ళ లోహపు స్టాండు పక్కన మనిషి నిలబడటం, చెట్టు కిందికి పోవడం, రెండూ వద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని అనే యాప్ దగ్గరలో పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది. ఫోన్‌లో వేసుకోండి.

వరికోత మిషన్ ముందు నిలబడి తీయొద్దు. డ్రైవరు చూపు వరి మీద ఉంటుంది. పక్క నుంచి, ఆయనకు కనిపించే చోటు నుంచి, చెయ్యి ఊపి చెప్పిన తర్వాత తీయండి. కల్లంలో పొట్టు ఎగిరేటప్పుడు, పసుపు ఆరబెట్టి మెరుగు పట్టేచోట లెన్స్ మార్చకండి. ఆ దుమ్ము లోపల చేరితే బాగుచేయించడానికి వేలు పోతాయి.

కల్లుగీత ఫొటో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తాటిచెట్టు మీద మోకు వేసుకుని నిలబడిన గీత కార్మికుడి బొమ్మ తెలంగాణ అంతటా ఎవరైనా తీయాలనుకునేదే. ఆయన చెట్టు మీద ఉండగా పిలవొద్దు. "అన్నా, ఇటు చూడు" అనే మాట అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. చెట్టు మొదట్లో నిలబడొద్దు, లొట్టి జారినా కత్తి జారినా పడేది అక్కడే. ఎక్కకముందు కింద మాట్లాడుకోండి, ఎటు ఎండ పడుతుందో చూసుకోండి, చెట్టు పొడవంత దూరం జరిగి జూమ్‌తో తీయండి. ఫొటో కోసం మళ్ళీ ఒకసారి ఎక్కమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

పట్టాలు, ఘాటు రోడ్డు, కోతులు

పెద్దపల్లి–నిజామాబాద్ రైలుమార్గం 2017లో పూర్తయింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి స్టేషన్ల దగ్గర పట్టాలు పొలాల మధ్య తిన్నగా పోతాయి, జంటలు పెళ్ళి ముందు ఫొటోలకు పట్టాల మీద కూర్చోవడం చూస్తున్నాను. దీన్ని పూర్తిగా మానాలి. గంటకు వంద కిలోమీటర్లతో వచ్చే రైలు సెకనుకు 28 మీటర్లు దాటుతుంది. రెండు వందల మీటర్ల దూరంలో కనిపించిన రైలు ఏడు సెకన్లలో మీ మీద ఉంటుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేవడానికే అంత సమయం పడుతుంది. కరెంటు ఇంజన్లు డీజిల్ ఇంజన్లలా దూరం నుంచే దడదడలాడవు. పైగా పట్టాల మీదికి వెళ్ళడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. పట్టాల లాంటి గీతలు ఫ్రేములో కావాలంటే నాటు వేసిన మడి చూడండి, సాలు గీసిన దుక్కి చూడండి.

కొండగట్టు ఘాటు రోడ్డు మలుపుల్లో బండి ఆపి ఫొటో దిగొద్దు. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాటులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ దుఃఖం ఇంకా ఉంది. ఆ చోట నవ్వుతూ సెల్ఫీ దిగేవాళ్ళను చూసి పోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఏమనుకుంటారో కూడా ఆలోచించండి.

కొండగట్టు గుట్ట మీద కోతులు సంచీ చూస్తే వదలవు. కెమెరా సంచీలో కొబ్బరి చిప్ప, అరటిపండు పెట్టుకోకండి. కోతికి దగ్గరగా ఫోన్ చాపకండి, పిల్లను ఎత్తుకున్న తల్లి కోతి జోలికి అసలే పోకండి. కరిచినా రక్కినా సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోండి. ఇక గుళ్ళ సంగతి. గర్భగుడి ఫొటో వద్దన్నచోట వద్దు. ధర్మపురిలో తెప్పోత్సవం, డోలోత్సవం రోజుల్లో కోనేటి చుట్టూ జనం ఒత్తిడి ఎక్కువ. మెడలో పట్టీ వేసుకోండి, గోడ ఎక్కకండి, బయటికి దారి ఎటో ముందే చూసి పెట్టుకోండి. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. మళ్ళీ పుష్కరాలు 2027లో. ధర్మపురికీ లక్షల్లో వస్తారు. మంచి ఫొటో ఒక్కటి తక్కువైనా జనం చిక్కబడకముందే బయటపడండి.

సిరిసిల్ల సాంచెల మధ్య

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానాలోకి ఫొటోకు వెళితే ముందు చెవులు మూసుకుపోతాయి. పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడ జాగ్రత్త అంతా కళ్ళతోనే. ఆసామిని అడిగి, పని చేస్తున్న అన్నతో సైగల భాష ముందే మాట్లాడుకుని, లోపలికి వెళ్ళండి. చున్నీ, కండువా, వేలాడే కెమెరా పట్టీ సాంచెల మధ్య ఉండకూడదు. పట్టీ చేతికి చుట్టుకోండి. బెల్టు తిరిగే వైపు, నాడె (షటిల్) పరుగెత్తే దారికి ఎదురుగా నిలబడొద్దు. ఒక్కోసారి నాడె ఎగిరి వస్తుంది, తగిలితే కన్ను పోతుంది. ఫ్లాష్ కొట్టొద్దు, నేత కార్మికుడి చూపు నూలు పోగు మీద ఉంటుంది. సెకనులో వెయ్యో వంతు షట్టరుతో నాడె గాలిలో ఆగుతుంది, పదో వంతుతో నాడె ఒక తెల్లని గీత అవుతుంది. నాకు రెండోదే ఇష్టం, సాంచె మోత ఆ గీతలో వినిపిస్తుంది.

ఎదుటి మనిషి భద్రత

ఫొటో తీసేవాడి ప్రాణం ఒక్కటే భద్రత అనుకోకూడదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు ఏ వాకిట చూసినా బీడీలు చేసే అక్కలు, అవ్వలు కూర్చుని ఉంటారు. చాట, తునికాకు, వేళ్ళ వేగం, వాకిట పడే ఎండ, ఎంతో బాగుంటుంది. అడగకుండా తీయొద్దు. "అవ్వా, ఒక ఫొటో తీసుకుందునా?" అంటే నూటికి తొంభై మంది సరేనంటారు. వద్దన్నవాళ్ళను వదిలేయండి. తీసింది చూపించండి, మాటిచ్చినట్టు అచ్చు వేయించి తెచ్చివ్వండి. వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. పల్లె తలుపులు, గోడలు, బతుకమ్మ, పనిచేసే ఆడవాళ్ళు, ఇవన్నీ ఆయన ఫొటోల్లో ఉన్నాయి. ఆ ముఖాల్లో బెరుకు కనిపించదు. నమ్మకం లేకుండా ఆ ఫొటోలు రావు.

స్నానఘాట్ల దగ్గర, బట్టలు మార్చుకునే చోట కెమెరా సంచీలోనే ఉండాలి. అనుమతి లేకుండా ఒకరి మానానికి భంగం కలిగే ఫొటో తీస్తే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ళ దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, రెండూ పడవచ్చు. బడి పిల్లల ముఖాలు, బడి పేరు కలిపి ఎక్కడా పెట్టకండి. మగవాళ్ళు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళు మన దగ్గర వాడకు నాలుగైదు. ఆ ఇంటి ముందు ఒంటరిగా ఉన్న తల్లీబిడ్డల ఫొటో ఊరి పేరుతో సహా లోకానికి చూపించడం మంచిది కాదు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి.

గల్ఫ్ ప్రయాణం కట్టిన తమ్ముళ్ళకు ఇంకో మాట. మన ఊళ్ళో అడగకుండా ఫొటో తీస్తే తిడతారు, అక్కడ కేసు అవుతుంది. యూఏఈలో 2022 నుంచి అమలవుతున్న సైబర్ నేరాల చట్టం ప్రకారం ఒకరి అనుమతి లేకుండా వాళ్ళ ఫొటో తీసి వ్యక్తిగత జీవితానికి భంగం కలిగిస్తే కనీసం ఆరు నెలల జైలు, లక్షా యాభై వేల నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండిట్లో ఒకటి. ప్రభుత్వ భవనాలు, సైనిక స్థలాల వైపు ఫోన్ ఎత్తకండి. రోడ్డు ప్రమాదం జరిగితే వీడియో తీయకండి.

ఇక పరికరం గురించి రెండు ముక్కలు. లెన్స్‌లోంచి నేరుగా సూర్యుణ్ణి, గ్రహణాన్ని చూడొద్దు. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండరు ఎండను భూతద్దంలా కంటి మీదికి పోస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, కెమెరానూ బ్యాటరీనీ కారులో వదిలేయకండి. మీరూ ఆ మిట్టమధ్యాహ్నం బయట తిరగకండి, ఎలాగూ ఆ వెలుగులో ఫొటో రాదు. ఉబ్బిన బ్యాటరీ చార్జింగు పెట్టొద్దు, గుచ్చొద్దు. వానాకాలంలో కెమెరా మూత బిగిసిన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, లేకపోతే లెన్స్‌కు బూజు పడుతుంది. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను నమోదు లేకుండా ఎగరేయొద్దు, జాతరలో జనం నెత్తి మీద అసలే ఎగరేయొద్దు.

ఒంటరిగా పోతే ఎటు పోతున్నారో ఇంట్లో చెప్పి పోండి. ఫోన్‌లో 108, 112 నంబర్లతో పాటు ఆ ఊరి మనిషి నంబరు ఒకటి ఉండాలి. వచ్చే ఆదివారం మీరు తీయాలనుకుంటున్న చోటికి ఈ వారంలో ఒక పగటిపూట కెమెరా లేకుండా వెళ్ళి రండి. బావి ఎక్కడ, తీగ ఎక్కడ, నిలబడే గట్టి నేల ఎక్కడ, ఎండ ఎటు నుంచి వస్తుందో చూసి, అక్కడి మనిషితో నాలుగు మాటలు మాట్లాడి రండి. కెమెరాతో ఆ తర్వాత పోదురుగాని.